వెయిటింగ్ లిస్టులో తాత

మోరిస్‌విల్, నార్త్ కరోలినా
జూన్ 14, 2011

గౌరవనీయులైన బావగారు ఈశ్వరయ్యగారికి,

రాఘవులు నమస్కరించి రాస్తున్నాను. ఫ్రిస్కోలో మీ అమ్మాయి కావ్యశ్రీకి సుఖప్రసవమై మీకు మనవడు పుట్టాడని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. చెల్లెమ్మ గౌరిగారికి కంటినిండా నిద్ర ఉంటోందో లేదో. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. ఇక్కడ ఫోన్ మోగితే దాన్ని స్పీకర్ మీద పెట్టి వంటగది గట్టు మీద ఉంచుతారు. మా గిరిజ, మీ అబ్బాయి రవికాంత్, మన మనవరాలు రిషిత, ఒక్కోసారి చక్కెరకి వచ్చిన పక్కింటావిడ కూడా వింటారు. అంతమంది ముందు వియ్యంకులు మాట్లాడుకోగలిగింది వాన గురించీ ఎండ గురించీ మాత్రమే కదా.

ముందు ఒక విషయం చెప్పాలి. నేను ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చిన ఐ-94 గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. జూలైలో బయల్దేరవలసినవాణ్ణి, గిరిజ ఒప్పుకోలేదు. నేను వెళ్లాక మీరు ఇక్కడికి వద్దామనుకున్న సంగతి తెలుసు. ఇంట్లో వచ్చినవాళ్ల కోసం ఉన్నది ఒక్కటే గది. మీరు అన్యథా భావించరని నమ్ముతున్నాను.

రెండో విషయం మీకు నవ్వు తెప్పిస్తుంది. రిషితకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. పక్క ఊళ్లో క్యారీ రోవర్స్ అని ఒక చిన్న క్లబ్బు ఉంది. వాళ్ల మ్యాచ్ ఉంటే ఈ పిల్ల గోల్ వెనక స్టాండులో నిలబడి డోలు వాయిస్తుంది. పిల్లలతో పెద్దవాళ్లెవరైనా ఉండాలని రూలు. కాబట్టి చెవుల్లో దూది పెట్టుకుని ఆ డోలు పక్కన నేను నిలబడతాను.

మన టీము వేరే ఊరు వెళ్లి ఆడితే దాన్ని ఇంగ్లీషులో ‘అవే’ మ్యాచ్ అంటారు. ఆ ఊరివాళ్లు మనవాళ్లకు ఒక మూల కాసిని సీట్లు కేటాయిస్తారు. అవి ఎవరికి దక్కాలో అభిమానుల సంఘం ఇష్టం. ఇన్నాళ్లూ ప్రెసిడెంటు డగ్ గారి మిత్రులకే దక్కాయి. మ్యాచ్ ముందు విందుల్లో మాంసం కాల్చిపెట్టేవాళ్లకు ముందు, టెంట్లు మోసేవాళ్లకు తరవాత. మొన్నటి మీటింగ్‌లో నేను లేచి, ఏ ప్రాతిపదిక మీద ఇస్తున్నారని అడిగాను. విజయవాడ రిజర్వేషన్ ఆఫీసులో ఉద్యోగమంతా వెళ్లదీసినవాణ్ణి, నోరు ఊరుకోలేదు. అందరూ చప్పట్లు కొట్టి, టికెట్ ఫెయిర్‌నెస్ కమిటీ అని ఒకటి వేసి నన్నే దానికి ఛైర్మన్ని చేశారు. అడిగినవాడి నెత్తిన పని పెట్టడం ఈ దేశంలో కూడా ఉంది.

ఒంగోలు పొగాకు వేలం కేంద్రం నడిపినవారు, మీ సలహా రాయగలరు.

మీ
రాఘవులు


ఫ్రిస్కో, టెక్సస్
జూన్ 21, 2011

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఆరోగ్యంగా ఇంకో ఆరు నెలలు ఉంటున్నందుకు సంతోషం. ఆరు నెలలు అటువాళ్లు, ఆరు నెలలు ఇటువాళ్లు అన్నది అమెరికాలో పిల్లలున్న వియ్యంకులందరూ పాటిస్తున్న పద్ధతే తప్ప ఎక్కడా రాసి లేదు. రాసి లేనప్పుడు అన్యథా భావించడానికి నాకు హక్కూ లేదు. నేను ఇక్కడే ఉంటాను. గౌరికి బాలింత పనులున్నాయి, నాకు ఏ పనీ లేదు. ఆవిడ డ్యూటీ మీద వచ్చింది, నేను ఆవిడ లగేజీతో వచ్చాను. పొద్దున్న గరాజ్ తలుపు తీసి కాసేపు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. దారిన పోయే మనిషి కనబడితే ఆ రోజు గౌరికి చెబుతాను.

టికెట్ల సంగతి అడిగారు. నా మట్టుకు వేలానికి మించిన న్యాయం లేదు. సరుకు అందరి ముందూ ఉంటుంది, ధర అందరికీ వినబడుతుంది, ఎవరికి ఎంత కావాలో వాడి నోరే చెబుతుంది. మీరు దీన్ని ఒప్పుకోరని తెలుసు. క్యూలో నిలబడి కాళ్లు వాచినవాడికే దేవుడు కనిపించాలని రైల్వేవారి సిద్ధాంతం.

ఒక మాట. ఇక్కడి పేపర్లో ఫిక్స్చర్లు చూశాను. మీ క్యారీవారు సెప్టెంబరులో మా ఫ్రిస్కోకి వచ్చి ఆడుతున్నారు. రిషితను నేను ఎత్తుకున్నది ఒంగోల్లో, దానికి అప్పుడు ఏడేళ్లు. ఇప్పుడు పదిహేను. స్కైప్‌లో హాయ్ అని, తాతా ఫ్రీజ్ అయ్యావు అని వెళ్లిపోతుంది. మీరు దానికి తాత, నేను ఫ్రిస్కో తాత. ఊరి పేరు తగిలించాల్సి వస్తోందంటే అంత దగ్గరివాణ్ణి కాదనేగా. నవంబరులో నేను వెళ్లిపోతాను, ఈ మోకాళ్లతో మళ్లీ వస్తానని అనుకోవడం లేదు. ఆ పిల్లకి నన్ను చూడాలని లేకపోయినా ఆ మ్యాచ్ చూడాలని ఉంటుంది. ఆ వంకనైనా దాన్ని రెండు రోజులు చూస్తాను. ఛైర్మన్‌గారు మీరే కాబట్టి ఇంక బెంగ లేదనుకుంటున్నాను.

మీ
ఈశ్వరయ్య


మోరిస్‌విల్
జూలై 19, 2011

బావగారికి నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించాలి, కమిటీ పనితో ఊపిరాడలేదు. మీ వేలం సూచన సభ ముందు పెట్టాను. డగ్ బాగా ఇష్టపడ్డాడు. అతనికి సొంతంగా ట్రక్కుల వ్యాపారం ఉంది. అందుకే నేను వద్దన్నాను.

పద్ధతి ఖరారైంది. సొంత ఊళ్లో చూసిన ప్రతి మ్యాచ్‌కి పాయింట్లు. వానలో చూస్తే ఎక్కువ, ఓడిపోయిన మ్యాచ్ చివరిదాకా చూస్తే ఇంకా ఎక్కువ. ముసలివాళ్లకు కోటా, కొత్తవాళ్లకు కోటా. మిగిలినవాళ్లకు వెయిటింగ్ లిస్టు. వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. టికెట్ లేనివాడి పేరు రాసుకోవడం దేనికని ఒకావిడ అడిగింది. ఆశ కోసం అన్నాను. అది నోట్సులో రాసుకున్నారు.

ఇక రిషిత సంగతి. పాయింట్ల లెక్కన దాని పేరు పైనే వచ్చింది. నేనే పద్ధతి రాసి, నా మనవరాలే పైనుంటే రేపు డగ్ ఏమంటాడు? అందుకని చివరగా ఒక నిబంధన చేర్చాను. కమిటీ సభ్యుల బంధువులు, పాయింట్లు ఎన్ని ఉన్నా, వెయిటింగ్ లిస్టులోకి వెళ్లాలి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది బావగారూ. డగ్ వచ్చి నన్ను కావలించుకున్నాడు. ముప్ఫై ఏళ్లు రైల్వేలో నిజాయితీగా ఉన్నందుకు నాకు కౌంటర్ అద్దంలోంచి తిట్లే దక్కాయి. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఫ్రిస్కో మ్యాచ్‌కి రిషితదీ, దానికి తోడుగా నాదీ వెయిటింగ్ లిస్టు ఆరు, ఏడు. మీరు నిశ్చింతగా ఉండండి. పండగ సీజన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి అరవై, డెబ్భై కూడా కన్ఫర్మ్ కావడం నా కళ్లతో చూశాను. ఆరు, ఏడు అంటే చేతిలో టికెట్ ఉన్నట్టే. టికెట్ ఖాయమైతే మా ఇద్దరికీ ఫ్లైట్ బుక్ చేస్తానని రవికాంత్ మాట ఇచ్చాడు. ఖాయం కాకపోతే స్కూలు మానడానికి వీల్లేదన్నాడు. ఆ రెండో మాట మీరు పట్టించుకోనక్కర్లేదు.

రాఘవులు


ఫ్రిస్కో
ఆగస్టు 9, 2011

బావగారికి,

చేతిలో టికెట్ ఉన్నట్టే అని మీరు రాశాక మా ఇంట్లో హడావుడి మొదలైంది. గౌరి రెండో మంచం పక్కలు మార్చింది. పిల్ల ఏం తింటుందని గిరిజకి ఫోన్ చేస్తే చికెన్ నగ్గెట్స్ అంది. గౌరి చేత్తో అది ముట్టదు కాబట్టి ఎలా వేయించాలో నేనే నేర్చుకుంటున్నాను. మూడోసారికి మాడకుండా వచ్చాయి.

పక్కింట్లో ఉంటున్న ఎం.ఎస్. కుర్రాడు రోహన్‌ది కరీంనగర్. ఫుట్‌బాల్లో ఆఫ్‌సైడ్ అనే రూలు ఏమిటో అతను నాకు డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా, కారం డబ్బా పెట్టి చెప్పాడు. అర్థమైందని చెప్పాను. రిషిత వచ్చాక అడుగుతుందేమోనని భయంగా ఉంది.

ఇంకో మాట అడగాలి. ఇక్కడి గేటు దగ్గర మామూలు టికెట్లు దొరుకుతున్నాయట. పోనీ, రెండు కొని పిల్లను మా స్టాండులో నా పక్కన కూర్చోబెట్టుకోనా? ఈ వెయిటింగ్ బాధ లేకుండా పోతుంది.

ఈశ్వరయ్య


మోరిస్‌విల్
సెప్టెంబర్ 2, 2011

గౌరవనీయులైన బావగారికి,

ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. చార్టు తయారైంది. వెయిటింగ్ లిస్టు ఆరు, ఏడు అలాగే ఆరు, ఏడుగా ఉండిపోయాయి.

ఈ దేశం ప్రజలు టికెట్లు రద్దు చేసుకోరు బావగారూ. మనవాళ్లు ఒక ప్రయాణానికి మూడు బళ్లకు రిజర్వేషన్ చేయించి, రెండు రద్దు చేసుకుంటారు. లిస్టు కదిలేది అందుకే. ఇక్కడ దక్కినవాడు దక్కించుకుని జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. ఇంత చిన్న విషయం నాకు తట్టకపోవడం నాకే ఆశ్చర్యంగా ఉంది.

మీ స్టాండులో కూర్చోబెట్టే సంగతి పిల్లను అడిగాను. "తాతా, నేను అదర్ టీమ్ సైడ్‌లో కూర్చోవాలా? డోలు లేకుండా? నో వే. అవే సెక్షన్ అయితేనే నేను వెళ్తా," అంది. డగ్‌కి ఈ సంగతి తెలిసి, నిబంధన సడలిద్దామా అని తనే అడిగాడు. నేను వద్దన్నాను. ఒక్కసారి సడలిస్తే ఇంక నిబంధన ఎందుకు? సంఘంవాళ్లు నాకు ఒక కండువా బహూకరించారు. దాని మీద ఫెయిర్‌నెస్ అని ఎర్రదారంతో కుట్టి ఉంది.

రిషిత నాతో మాట్లాడి మూడు రోజులైంది. చెల్లెమ్మగారికి ఎలాగో మీరే చెప్పండి. చెప్పే మొహం నాకు లేదు.

మీ
రాఘవులు


ఫ్రిస్కో
సెప్టెంబర్ 19, 2011

రాఘవులుగారికి,

నిన్న మ్యాచ్‌కి వెళ్లాను. టికెట్ గేటు దగ్గర కొన్నాను. ముందు నిలబడ్డవాడికి ఇచ్చారు, తరవాత నాకు ఇచ్చారు. కమిటీ ఏమీ లేదు.

రోహన్ నన్ను తీసుకెళ్లి ఫ్రిస్కోవాళ్ల మధ్య కూర్చోబెట్టాడు. మీ అవే సెక్షన్ మాకు ఎదురుగా, ఆ మూల కనిపిస్తోంది. మీవాళ్లు జెండాలు ఊపుతున్నారు. డోలు మాత్రం లేదు. నేను ఆట చూడలేదు, ఆ మూలకేసే చూస్తూ కూర్చున్నాను. ఆ సీట్లలో చాలా ఖాళీ ఉంది రాఘవులుగారూ. హాఫ్‌టైమ్‌కి ఎవరైనా వస్తారేమో అనుకున్నాను. రాలేదు. రద్దు చేసుకోనివాళ్లు రావాలని కూడా లేదట. ఇక్కడివాళ్లను అడిగితే, ఇది మామూలే అన్నారు.

మన దేశంలో వెయిటింగ్ లిస్టువాడు కూడా బండి ఎక్కి, తలుపు దగ్గర సంచీ మీద కూర్చుని, టీ.సీ. వస్తే బతిమాలుకుంటాడు. ఏ బెర్తు ఖాళీగా ఉందో ఆయన చూసి ఇస్తాడు. మీరు ఆ పిల్లను బండే ఎక్కనివ్వలేదు. మీకు చప్పట్లు, కండువా. దానికి స్కూలు. నాకు నగ్గెట్స్. అవి ఇంకా ఫ్రీజర్లో ఉన్నాయి.

ఇంకొకటి కూడా రాసేస్తాను, మనసులో పెట్టుకుంటే గౌరి కనిపెట్టేస్తోంది. గిరిజ ఒప్పుకోలేదు అని మీరు జూన్‌లో రాశారు. మా రవికాంత్‌ని నేను అడగలేదు, వాడే మాటల్లో అన్నాడు. పొడిగింపు అడిగింది మీరేనట. గిరిజ మీ టికెట్ కూడా సిద్ధం చేసిందట. నేను దాన్ని తప్పనడం లేదు. అక్కయ్యగారు పోయి మీరు ఒంటరివారయ్యాక ఆ విజయవాడ ఫ్లాట్‌లో మీకు ఎలా పొద్దుపోతుందో నేను ఊహించగలను. కానీ మీ కోరికను అమ్మాయి మీద పెట్టి రాశారు చూడండి, అక్కడ నాకు కష్టం కలిగింది. నాకు నా మనవరాలిని చూడాలని ఉంది. ఇది ఇంకే భాషలో చెప్పాలో నాకు తెలియదు.

ఈశ్వరయ్య


మోరిస్‌విల్
సెప్టెంబర్ 26, 2011

బావగారికి,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఖాళీ సీట్ల సంగతి మీటింగ్‌లో చెప్పాను. ఇకపై ప్రతి అవే మ్యాచ్‌కి ఒక మనిషి టీ.సీ.లాగా తిరిగి, ఖాళీలు చూసి, బయట ఉన్నవాళ్లను లోపలికి పిలుస్తాడు. బంధువుల నిబంధన కూడా నేనే తీయించాను. దానికీ చప్పట్లు కొట్టారు. వీళ్లు దేనికైనా కొడతారని ఇప్పుడు అర్థమైంది.

మీ రెండో మాట నిజమే. ఫ్లాట్‌లో సాయంత్రాలు నేను టీవీకి సమాధానాలు చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ కనీసం డోలు చప్పుడు ఉంటుంది. అంతకంటే రాయలేను.

రాయగలిగింది ఒకటే. అక్టోబరు ఎనిమిదిన హైదరాబాద్‌కి నా టికెట్ తీయించమని రవికాంత్‌కి చెప్పాను. గది ఊడ్చి, కిటికీ పక్క మంచం మీ ఎత్తుకు సరిపోయేలా మార్పించాను. రిషితకు మీ మోకాళ్ల సంగతి చెప్పాను, స్టేడియంలో మెట్లు తక్కువ ఉన్న వైపు చూసి పెడతానంది. ఇక్కడికి గంట దూరంలో పొగాకును వేడి మీద ఆరబెట్టే పాత బ్యారన్ కొట్లు ఇంకా నిలబడి ఉన్నాయి. మీకు చూపించమని గిరిజకి చెప్పాను.

నా సీటు నేను రద్దు చేసుకున్నాను బావగారూ. వెయిటింగ్ లిస్టులో ఉన్నది మీ ఒక్క పేరే. మీది కన్ఫర్మ్ అయింది.

రాఘవులు


ఫ్రిస్కో
సెప్టెంబర్ 30, 2011

బావగారూ,

మీ ఉత్తరం చూసిన వెంటనే మోరిస్‌విల్‌కి ఫోన్ చేశాను. మీరు వాకింగ్‌కి వెళ్లారట. ఈసారి స్పీకర్ మీద పెట్టమని నేనే అన్నాను. పక్కింటావిడ ఉంటే ఆవిడని కూడా పిలవమన్నాను.

అందరూ వింటుండగా రవికాంత్‌ని ఆ టికెట్ తీయవద్దన్నాను. నాన్నా, గది ఒక్కటే కదా అన్నాడు. ఇద్దరు తాతలు ఒకేసారి ఉండకూడదని ఎవరు పెట్టారురా అని అడిగాను. ఎవరూ పెట్టలేదట, అందరూ అలాగే చేస్తున్నారట. గిరిజ ముక్కు ఎగబీల్చిన చప్పుడు స్పీకర్‌లో బాగా వినబడింది. రిషిత మాత్రం, "ఇద్దరు తాతలు ఒకటే బెడ్డా? హూ గెట్స్ ద ఫ్లోర్?" అని అడిగింది. నేను మోరిస్‌విల్ వచ్చేస్తే ఇంక నన్ను ఏమని పిలుస్తావే అని అడిగాను. ఆలోచించి చెబుతానంది. నేను వెయిటింగ్‌లో ఉన్నాను.

గౌరి ఇక్కడే ఉంటుంది, ఆవిడ డ్యూటీ అవలేదు. వచ్చే శనివారం నేనొక్కణ్ణే బయల్దేరుతున్నాను. నగ్గెట్స్ ఐసు డబ్బాలో పెట్టి తెస్తున్నాను, విమానంవాళ్లు ఒప్పుకుంటారని రోహన్ కనుక్కున్నాడు. నవంబరు దాకా డోలుకి ఆ పక్క మీరు, ఈ పక్క నేను. దూది నాకు కూడా తీసి ఉంచండి.

ఇన్ని కోటాలు, ఇన్ని పాయింట్లు రాశారు, మీ రైల్వేవారి పద్ధతుల్లోకెల్లా గొప్పదాన్ని మరిచిపోయారు. బండిలో ఆర్.ఏ.సి. అని ఒకటుంటుంది. ఒక్క బెర్తు ఇద్దరికి ఇస్తారు. పడుకోవడం కుదరదు, కాళ్లు ముడుచుకుని ఎదురెదురుగా కూర్చుని, ఒకరి టిఫిన్ ఒకరు తిని, తెల్లారేదాకా మాట్లాడుకోవాలి. దిగిపొమ్మని మాత్రం ఎవరినీ అనరు.

నేను వస్తున్నాను. కొంచెం జరిగి కూర్చోండి.

మీ
ఈశ్వరయ్య